మా రోజుల్లో అంట్లకి పొడి ఎవరు కలిపారండీ!

"ఇంట్లోనే చేశానండీ అత్తయ్యగారూ" అని మా కోడలు మురిసిపోతున్న ఆ పొడిలో మా ఇంట్లో పుట్టిన దినుసు ఒక్కటి లేదు. కొలత చెబుతాను, కావలసినవాళ్ళు రాసుకోండి. బట్టల సోడా ఒక కప్పు, వెలిగారం ఒక కప్పు, నిమ్మ ఉప్పు అరకప్పు, కళ్ళుప్పు అరకప్పు. అన్నీ కలిపి తడి తగలకుండా గాజు సీసాలో పోసుకుని, అంట్ల మిషను వేసినప్పుడల్లా ఒక పెద్ద చెంచా. అంతే. సోడా, ఉప్పు అమలాపురం పచారీ కొట్లో దొరికాయి. మిగతావి అట్టపెట్టెల్లో మా వీధి గుమ్మం దాకా నడిచొచ్చాయి. కప్పుకి కప్పు కలిపి, సీసా గిలక్కొట్టి, ఫోటో తీసి వర్జీనియాలో ఉన్న మా మనవరాలికి పంపింది. ఈ వంటకం నేర్పింది అదే లెండి.

వెలిగారం చూసి మాత్రం నాకు నవ్వొచ్చింది. వాళ్ళు దాన్ని బోరాక్స్ అంటున్నారు. మా పుట్టింటి వీధిలో, కొత్తపేట దగ్గర, కంసాలి బంగారానికి అతుకు పెట్టేటప్పుడు చిటికెడు వాడేవాడు. చంటిపిల్లలకి నోరు పూస్తే పొంగించిన వెలిగారం తేనెలో రంగరించి రాసేవాళ్ళు కూడా. ఇప్పుడు డాక్టర్లు పిల్లల దరిదాపులకి తేవద్దంటున్నారు. ఐరోపా వాళ్ళయితే 2010లోనే దాన్ని బాగా ఆందోళన పడాల్సిన పదార్థాల జాబితాలోకి ఎక్కించారు. పిల్లల నోటికి పనికిరానిది పిల్లలు తినే కంచానికి పనికొచ్చిందన్న మాట. కోడలితో అంటే "అంతా కడుక్కుపోతుందండీ" అంది. సరే, చెయ్యి కడుక్కోమ్మా అని ఊరుకున్నాను.

మా రోజుల్లో అంట్లకి పొడి కలపడం అనే పనే లేదు. పొద్దున్న అన్నం వండితే మధ్యాహ్నానికి పొడి తయారు. కోనసీమలో పొయ్యిలో మండేదంతా కొబ్బరి చెట్టు కింద ఏరుకొచ్చిందే కదండీ! మట్టలు, డొక్కలు, చిప్పలు. సముద్రం వైపు ఊళ్ళవాళ్ళకి సరుగుడు పుల్లలు. పాడి ఉన్నవాళ్ళకి పిడకలు. రైసుమిల్లు దగ్గర్లో ఉంటే ఊక పొయ్యి. చల్లారాక బూడిద తీసి, పాత పంచె ముక్కలో జల్లించి, నూతి గట్టు పక్కన కుండపెంకులో పెట్టుకుంటే ఆ రోజుకి సరి.

అన్ని బూడిదలూ ఒకటి కాదు. ఈ సంగతి ఇప్పటివాళ్ళకి చెబితే కళ్ళు పెద్దవి చేస్తారు. డొక్కల బూడిద తడిపితే చేతికి జారుడుగా తగిలేది. దాన్నిండా పొటాషేనట. ఆ క్షారం జిడ్డుని పట్టుకుని అక్కడికక్కడే కాస్త సబ్బయిపోతుందని ఇంజనీరింగు చదివిన మనవడు చెప్పాడు. మా అమ్మకి కెమిస్ట్రీ రాదు గానీ, నూనె మూకుడికి డొక్కల బూడిదే తీసుకోవాలని తెలుసు. ఊక బూడిద గరగరలాడేది. అందులో నూటికి 85 పాళ్ళకి పైన సిలికాయే, ఇసకలో ఉండే సరుకు. మాడిన పాల గిన్నెకి అది. వెండి చెంబు మీద దాన్ని రాస్తే గీతలు పడతాయి, అమ్మమ్మ నెత్తిన మొట్టేది. పిడకల కచిక మెత్తన. పళ్ళపొడి అదే, వెండి తళతళకీ అదే. నీసు వాసన వదలకపోతే బూడిదలో ఇంత చింతపండు పిప్పి కలిపి రుద్దేవాళ్ళం. వరద గోదారి రోజుల్లో పులస వండిన కుండని మాత్రం ఏదీ పెట్టకుండా వేడినీళ్ళు పోసి వదిలేసేవాళ్ళు. మట్టికుండ బూడిదైనా సబ్బైనా తాగేస్తుంది, తరవాత కూరలోకి కక్కుతుంది.

మసి సంగతి గిన్నె పొయ్యెక్కకముందే తేల్చుకునేవాళ్ళం. గిన్నె అడుగున తడిమట్టి పల్చగా మెత్తేస్తే మసంతా ఆ మట్టికే పట్టేది. దింపాక చెంబెడు నీళ్ళు పోస్తే మట్టీ మసీ కలిసి జారిపోయేవి. అంటించుకున్నాక వదిలించుకోవడం మీదే ఇప్పటి వ్యాపారమంతా నడుస్తోంది. అంటకుండా చూసుకోవడానికి అమ్మేదేవుంది గనక!

తోమడానికి ముందు కుడితి. ఇది ముఖ్యం, తొందరపడకుండా చెబుతాను. కంచాల్లో మిగిలిన మెతుకులు, బియ్యం కడుగు, గంజి, గిన్నెల్లో మొదటిసారి తొలిపిన నీళ్ళు అన్నీ కుడితి తొట్టిలోకి పోయేవి. దాన్లో ఇంత తవుడు కలిపితే గేదె మూతి ముంచి చప్పుడు చేస్తూ తాగేది. సాయంత్రం ఆ గేదే పాలిచ్చేది. రెండోసారి బూడిదతో తోమిన నీళ్ళు ఎక్కడికీ పోయేవి కావు, అంట్లు తోమే చోటు అరటి పిలకల మొదట్లోనే ఉండేది గనక. మా పెరట్లో అన్నిటికంటే లావు గెల వేసేది ఆ అరటే. ఇంట్లో తోముడు పొడి మొదటిసారి వాడిన నాడు ఆ తొలిపిన నీళ్ళు అలవాటు ప్రకారం తొట్టిలో పోశాం. గేదె వాసన చూసి మొహం తిప్పేసుకుంది. నిమ్మకాయ వాసన మనకే శుభ్రంగా తోచింది.

ఇదంతా విని బంగారు కాలం అనుకునేరు. చేతులు చూడాల్సింది మావి. బూడిద క్షారానికీ నీళ్ళకీ వేళ్ళ సందులు పాసిపోయేవి, రాత్రి కొబ్బరినూనె రాసుకుని పడుకుంటే తెల్లారేసరికి మళ్ళీ అదే రాయి ముందు చతికిలబడ్డం. అదీ ఇంటి ఆడవాళ్ళు తోముకున్న చోట. పనమ్మాయి వచ్చే ఇళ్ళ కథ వేరు. ఆ పిల్ల అద్దంలా తోమి బోర్లించిన గిన్నెల మీద నీళ్ళు చిలకరించి గానీ లోపలికి తీసుకెళ్ళని ఇళ్ళు మా వీధిలోనే ఉండేవి. ఆ చిలకరింపు ఎందుకో తోమిన పిల్లకీ తెలుసు, చిలకరించిన అమ్మగారికీ తెలుసు. మా రోజుల్ని పొగిడేవాళ్ళు ఆ నీళ్ళని లెక్కలోంచి తీసేస్తారు. నాకది చేతకాదు.

పైగా మా ఘనతంతా తోమడంలో లేదు, తోమాల్సినవి తగ్గించుకోవడంలో ఉండేది. నలుగురొచ్చారంటే అరిటాకులే. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్ళకల్లా అన్నం పెట్టారు. 1841లో పుట్టి 1909లో పోయారావిడ. గన్నవరం అక్విడక్టుకి ఇవాళ ఆవిడ పేరే. ఆవిడ ఇంట్లో ఎన్నెన్ని విస్తళ్ళు లేచాయో అందరూ కథలుగా చెబుతారు, ఆ గుండిగలు తోమిన చేతులెవరివో ఎవరూ చెప్పరు. ఆకుల్లో పెట్టారు కాబట్టి సరిపోయింది గానీ అంతమందికీ కంచాలు పెట్టి ఉంటే ఏ గోదారి చాలుతుందండీ! ఇప్పుడు మా ఇంట్లో ముగ్గురం ఇడ్లీ తింటే పచ్చడికొక కప్పు, కారప్పొడికొక కప్పు, సాంబారుకొక కప్పు, ఆ కప్పులు పెట్టుకోవడానికి ఒక్కో పళ్ళెం. మిషను నిండాలి కదా అంటుంది కోడలు. మిషను కోసం గిన్నెలా, గిన్నెల కోసం మిషనా అని అడిగితే మా అబ్బాయి పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

ఇత్తడి గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. వశిష్ట అవతల అజ్జరం ఉంది, పెరవలి దగ్గర. ఇత్తడి సామానుకి గోదావరి జిల్లాల్లో పెట్టింది పేరు. పెళ్ళి సారెలో అక్కడి బిందె లేకపోతే వియ్యాలవారు ముఖం మాడ్చుకునేవారు. ఆ ఇత్తడికి చిలుము పడితే చింతపండూ ఉప్పూ. చింతపండులో పులుపు చిలుముని కరిగించేస్తుంది, ఉప్పు దానికి తోడు. వెంటనే మంచినీళ్ళతో కడిగి పొడిబట్టతో తుడవాలి, లేదంటే సాయంత్రానికి మళ్ళీ నల్లబడుతుంది. లోపలివైపు కళాయి ఉండేది. కళాయి వేసేవాడు కొలిమి తిత్తితో వీధిలోకొచ్చి, గిన్నె బాగా కాల్చి, నవసాగరం చల్లి, తగరం ముక్క తిప్పి గుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే గిన్నె లోపల వెన్నెల కాసినట్టుండేది. ఆ కళాయిని గరగరలాడే బూడిదతో తోమకూడదు, తోమితే తొందరగా లేచిపోతుంది, ఆ తరవాత చారు పెడితే చిలుము కడుపులోకి పోతుంది. ఏ గిన్నెకి ఏది, ఏ వైపు ఏది, ఎంత గట్టిగా అన్నది ఏడో తరగతి చదవని పిల్లకి కూడా వచ్చు. ఇప్పుడు మిషను వెంట వచ్చిన పుస్తకంలో ఇత్తడి పెట్టొద్దు, సత్తు పెట్టొద్దు, చెక్క పెట్టొద్దు అని రాసుంది. సత్తు గిన్నె సోడా తగిలితే నల్లబడిపోతుంది, నిజమే. అంత కఠినమైన వస్తువుని మనం కంచానికి రాస్తున్నామని దాని అర్థం కూడా.

ఈ వైభవం ఎప్పుడు పోయిందంటే ఒక్క రోజున పోలేదు. ముందు స్టీలు సామానువాడొచ్చాడు. మా అత్తగారి అజ్జరం గుండిగని తూకానికేసి, దానికి బదులు తళతళలాడే స్టీలు బేసిన్లు పెట్టి వెళ్ళాడు. స్టీలుకి చింతపండు అక్కర్లేదు. తరవాత సబీనా పొడి, 1993లో విమ్ బారు. ఆ పచ్చ బిళ్ళ ఎక్కడికక్కడ అరిగి, సగం నీళ్ళల్లో నానిపోయి, గిన్నెల మీద తెల్లటి చారలు పెట్టేది. బూడిదకి అసలు దెబ్బ మాత్రం సబ్బు వల్ల కాదు, గ్యాసు వల్ల తగిలింది. 1999లో దీపం పథకం వచ్చాక రాజోలు తాలూకా మారుమూల ఇళ్ళల్లోకి కూడా బండ చేరింది. పొగ పోయింది, కళ్ళ మంట పోయింది, నేను దానికి చెయ్యెత్తి దణ్ణం పెడతాను. పొగతో పాటు బూడిదా పోయింది. మా కాళ్ళ కిందే గ్యాసు ఉందని 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలల పైన మండినప్పుడు లోకానికంతా తెలిసింది. ఆ గ్యాసు ఎటు పోతుందో గానీ బండ కోసం మేం ఇంకా బుక్కు పట్టుకుని కూర్చుంటున్నాం. ఆ గొడవ వేరు.

మిషను మా ఇంట్లోకి కరోనా తరవాత వచ్చింది. 2020లో పనమ్మాయిలు రావడం ఆగిపోయేసరికి పట్నాల్లో అందరూ అంట్ల మిషన్లు ఎగబడి కొన్నారట, ఆ గాలి మా దాకా కొట్టింది. ఇదేదో కొత్త వింత అనుకోకండి. అమెరికాలో జోసెఫీన్ కొక్రేన్ అనే ఆవిడ 1886లోనే దీనికి పేటెంటు తీసుకుంది. పనివాళ్ళు తోముతూ తన పింగాణీ కంచాల అంచులు పగలగొడుతున్నారని ఆవిడ బాధ. 1893లో చికాగో ఎగ్జిబిషన్లో పెడితే హోటళ్ళవాళ్ళు కొనుక్కున్నారు. ఇళ్ళల్లోకి రావడానికి మాత్రం ఏళ్ళూ పూళ్ళూ పట్టింది. అంట్లు తోమడం ఇష్టంలేని ఆడదాని బుర్రలోంచే అది పుట్టింది, అందుకు నాకు ఆవిడ మీద గౌరవమే.

మిషనుకి చెయ్యి లేదు. రుద్దడం దానికి తెలీదు. వేడి నీళ్ళని చిమ్ముతుంది, మిగతా పనంతా పొడే చెయ్యాలి. అందుకే దాని పొడి మన చేతులు తట్టుకోలేనంత ఘాటు. నురగ రాకూడదు కూడా. నురగొస్తే నీటి చిమ్ముడు మెత్తబడిపోతుంది, పంపు గాలి మింగుతుంది. మనవడు ఒకసారి "నాయనమ్మా, కుంకుడు రసం పోద్దామా" అన్నాడు. అభిమానం కొద్దీ ఊఁ అందామనుకున్నాను గానీ తలంటు గుర్తొచ్చి వద్దన్నాను. కుంకుడుకాయ గొప్పతనమంతా నురగలోనే ఉంది, మిషనుకి అదే పడదు.

కంపెనీ బిళ్ళలు ఖరీదని కోడలు ఈ కప్పుల లెక్కలో పడింది. ఆ కష్టాన్ని నేను తక్కువ చెయ్యను. కాని ఫలితం చూడండి. కాలవ నీళ్ళు పట్టిన రోజున గిన్నెలు బాగానే వస్తాయి. బోరు నీళ్ళయితే గాజు గ్లాసులకి తెల్లటి పొర. రాజోలు వైపు బోరు నీళ్ళ సంగతి అందరికీ తెలిసిందే, పప్పు ఉడకదు, సబ్బు విరిగిపోతుంది. ఆ నీళ్ళల్లో ఉన్న సున్నం సోడాతో కలిసి సుద్దలా పేరుకుని గ్లాసుకి అంటుకుంటుంది. పొడిలో వేసిన కళ్ళుప్పు దీనికేం సాయం చెయ్యదు. మిషను అడుగున ఉప్పుకి వేరే గది ఉంది, నీళ్ళని మెత్తబరిచేది అక్కడ పోసిన ఉప్పే. ఇంకో తిరకాసు, నిమ్మ ఉప్పూ సోడా ఒక సీసాలో పెడితే మన కోనసీమ తేమకి రెండూ బుసబుసలాడి దెబ్బలాడుకుని రాయి కడతాయి. వర్జీనియాలో గలగలలాడే పొడి మా వంటింట్లో అట్లకాడతో పొడవాల్సొస్తోంది. నిమ్మ ఉప్పు విడిగా ఉంచుకుని అప్పటికప్పుడు వేసుకోమని చెప్పాను. ఎండిపోయిన మెతుకులూ పప్పూ మాత్రం దీనికి లొంగవు. కంపెనీ బిళ్ళలో గంజినీ మాంసకృత్తుల్నీ అరిగించే ఎంజైములు కలుపుతారు, అవి ఇంట్లో కప్పుతో కొలిచేవి కావు.

మనవరాలు ఈ దారి ఎందుకు పట్టిందో అడిగితే ఒక సంగతి చెప్పింది. వెనకటి పొడుల్లో ఫాస్ఫేటు ఉండేది, అది సున్నాన్ని పట్టి ఉంచేది, గ్లాసులు మెరిసేవి. ఆ ఫాస్ఫేటు చెరువుల్లోకీ నదుల్లోకీ పోయి నాచుకి ఎరువై నీళ్ళని చంపేస్తోందని 2010 జూలై నుంచి అమెరికాలో 15కు పైగా రాష్ట్రాలు దాన్ని ఆపేశాయి. వర్జీనియా అందులో ఒకటి. ఐరోపా 2017లో కట్టడి చేసింది. నాచు అని అది చెబుతుంటే నాకు మా కాలవే కళ్ళముందుకొచ్చింది. గుర్రపుడెక్క ఈ చివర్నుంచి ఆ చివరికి పరిచిన పచ్చ తివాచీ. కాటన్ దొర తవ్వించిన కాలవల్లో నీళ్ళు కనపడవు, కొంగ మాత్రం దర్జాగా నడిచిపోతుంది. చేలల్లో వేసిన ఎరువు కొంత, ఊళ్ళ మురుగు కొంత, దాని కడుపు నింపేది అవే. మా కోడలి పొడిలో ఫాస్ఫేటు లేదు. ఆ మేరకు దానికి మార్కులు వేశాను, ఇంట్లో అందరూ ఆశ్చర్యపోయారు.

ఆ ఊపులో మా అబ్బాయి, మిషను నీళ్ళు వృథాగా పోతున్నాయి, గొట్టం పెట్టి అరటి మొక్కలకి వదులుదాం అన్నాడు. అప్పుడు నోరు విప్పక తప్పలేదు. ఒరే, బూడిదా తెల్లనే, సోడా తెల్లనే, రెండూ జిడ్డు వదిలిస్తాయి. బూడిదలో ఉన్నది పొటాషు, అరటికీ కొబ్బరికీ పాయసం. సోడాలో ఉన్నది సోడియం, ఏళ్ళ తరబడి పారితే నేల బిగుసుకుపోయి కారుచౌడు అవుతుంది. తరవాత జిప్సం బస్తాలు మోసుకురావాలి. వెలిగారం ఎక్కువైతే ఆకు అంచులు మాడతాయి. మా నూతి గట్టు అరటి గెల బలం నీళ్ళది కాదురా, బూడిదది. వాడు వ్యవసాయం చేస్తున్నాడు కాబట్టి తొందరగానే తలకెక్కింది. పొటాషు బస్తా రేటు వాడికి తెలుసు. మన దేశానికి పొటాషు దాదాపు అంతా ఓడల్లోనే రావాలి. మేం మాత్రం నెత్తి మీద కొబ్బరి డొక్కలు పెట్టుకుని, వాటిని లారీలకెత్తి పీచు ఫ్యాక్టరీకి పంపి, ఆ పీచునే గుండ్రంగా చుట్టి అట్టముక్కకి కుట్టిన స్క్రబ్బరు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నాం. బూడిద కూడా ప్యాకెట్లలో అమ్ముతున్నారు, చూశాను. వుడ్ యాష్ అట.

సంక్రాంతికి ఇత్తడి దించాలి. అటకమీద మిగిలిన అజ్జరం సామాను మిషనులో పట్టదు, పట్టినా పెట్టకూడదు. చింతపండు ఉంది, పీచు ఉంది, బూడిదే లేదు. పక్కింట్లో ఇప్పటికీ నీళ్ళ కాగు కింద డొక్కలు మండిస్తారు కదా అని నిన్న గోడ మీంచి ఆ అమ్మాయిని అడిగాను, ఒక చేటెడు బూడిద పెట్టమ్మా అని.

"లేదండీ మామ్మగారూ, కొబ్బరి పాదుల్లో వేసేసుకుంటున్నామండీ. బస్తా పొటాషు ఎంత పెట్టి కొంటాం చెప్పండి" అంది.